కాలడానికి పట్టే కాలం

మార్చి సంచిక అనగానే సంపాదకవర్గం వారి నుండి మాకు ఒకే ఆదేశం అందుతుంది: భద్రతను గురించి ఏదైనా వ్రాయవలసినదని. జాతీయ భద్రతా మండలి 1966 మార్చి 4న ఏర్పడినందున ఆ తేదీని జాతీయ భద్రతా దినంగా పాటిస్తున్నాము. బ్యాడ్జీలు, ప్రతిజ్ఞ, పిల్లలకు చిత్రలేఖన పోటీలు పాఠకులకు తెలియనివి కావు. మాకు మాత్రం ఆ తేదీ కంటె ముందు దాని వెనుకటి రోజు గుర్తుకు వస్తుంది.

అది 1989 మార్చి 3. జంషెడ్‌జీ టాటా 150వ జయంతి. జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారం ఆవరణలో వేడుకలు జరుగుతుండగా అతిథుల పందిరి అగ్నికి ఆహుతి అయినది. 60 మంది మరణించారని, 113 మంది గాయపడ్డారని సర్వోన్నత న్యాయస్థానం 2001లో ఇచ్చిన తీర్పులో నమోదై ఉన్నది. వారిలో గృహిణులు, చిన్నపిల్లలు కలరు. ఉద్యోగులతో పాటు వేడుక చూడవచ్చిన కుటుంబాల వారు. మా బాల్యం గడచినది ఆ ఊరి అగ్రికో కాలనీలోనే. అప్పటికి మేము ఇంజనీరింగు చదువు నిమిత్తం ఆంధ్రదేశంలో హాస్టలులో ఉన్నాము. పత్రికలో వార్త చదివిన తరువాత మూడు రోజులకు గాని ఇంటి నుండి క్షేమంగా ఉన్నామన్న ఉత్తరం చేతికందలేదు. ఆ ఉత్తరంలో మా తండ్రిగారు వ్రాసిన ఒక వాక్యం మమ్ము చాలాకాలం వెంటాడినది. ప్రక్క ప్రక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరు బ్రతికారని, మరొకరు బ్రతకలేదని, తేడా కొద్ది క్షణాలేనని.

కొద్ది క్షణాలకు అంత తేడా ఎట్లు వస్తుంది? ఉష్ణ ప్రసారం చదువుకున్న వారికి ఇది లెక్కకు అందే ప్రశ్న. ఈ నెల ఆ లెక్కను పాఠకుల ముందు ఉంచదలచాము.

అంత పెద్ద అగ్నిని ముట్టుకొనక, వంటింటిలోని చిన్న ప్రమాదంతో ఆరంభిస్తాము. సాక్చీ దాటి సిద్గోడా వైపు వెళ్ళే దారిలో ఉన్న మా అగ్రికో క్వార్టరులో, సుమారు 1980లో, మా అక్కయ్య అన్నం వారుస్తుండగా మసిగుడ్డ జారి గంజి కాలి మీద ఒలికినది. పిక్క మీద పరికిణీ ఉన్నది. పాదం మీద ఏమీ లేదు. ఇంట్లో వారు కంగారుగా మా ఇంకు బుడ్డి తెచ్చి పిక్క మీద కుమ్మరించారు. ప్రక్క క్వార్టరు బెంగాలీ పెద్దావిడ (మేమంతా మాసీమా అని పిలిచేవారము) కేకలు విని వచ్చి, అక్కయ్యను రెక్క పట్టుకొని పెరటి కుళాయి క్రిందకు లాగుకొని పోయినది. నెల తిరిగేసరికి పాదం మీద గుర్తు కూడా మిగలలేదు. పిక్క మీద అరచేయంత మచ్చ నేటికీ ఉన్నది. గంజి ఒక్కటే, కాలు ఒక్కటే, గడియ కూడా ఒక్కటే. ఫలితం మాత్రం ఒక్కటి కాలేదు.

దీనికి మూలమైన కొలతలు 1947లో హార్వర్డు విశ్వవిద్యాలయంలో మోరిట్జ్, హెన్రిక్స్ అను ఇద్దరు చేసినవి. పంది చర్మం మన చర్మానికి దగ్గరగా ఉంటుంది గనుక వారు పందుల మీదను, కొంతమేర తమంతట తాము ముందుకు వచ్చిన మనుషుల మీదను ప్రయోగాలు చేశారు. వారు కనుగొన్నది ఇది: చర్మం ఉపరితలం 44 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద నిలచి ఉంటే కాలిన గాయం కావడానికి సుమారు 6 గంటలు పడుతుంది. అక్కడి నుండి 51 డిగ్రీల వరకు ఒక్కొక్క డిగ్రీ పెరిగినప్పుడల్లా ఆ సమయం ఇంచుమించు సగమవుతుంది. 45 వద్ద 3 గంటలు, 46 వద్ద గంటన్నర. ఈ విధంగా దిగివస్తే 50 వద్ద సుమారు 5 నిమిషాలు, 51 వద్ద 3 నిమిషాల లోపు. 60 వద్ద 5 సెకన్లు చాలును. 70 వద్ద ఒక్క సెకను కూడా పట్టదు.

కనుక "ఎంత వేడి?" అన్న ప్రశ్న సగం ప్రశ్న మాత్రమే. "ఎంతసేపు?" అన్నది మిగిలిన సగం. ఇళ్ళలో గీజరును 60 మీద ఉంచుకొనే వారు ఈ రెండు అంకెలను ఒక్కమారు ప్రక్కప్రక్కన పెట్టి చూడగలరు. 50 వద్ద 5 నిమిషాలు, 60 వద్ద 5 సెకన్లు. ఇవి పెద్దవారి చర్మానికి. పసిపిల్లల చర్మం పలుచన, కాబట్టి వారికి ఇంకా తక్కువ.

డిగ్రీకి సగం చొప్పున తగ్గడం రసాయన శాస్త్రం చదివిన వారికి పరిచయమైన పోకడ. చక్కెర ద్రావణం ఆమ్లంలో విడిపోయే వేగం వేడితో ఎట్లు పెరుగుతుందో పరిశీలించి 1889లో స్వీడన్ శాస్త్రవేత్త ఆరీనియస్ ఒక సూత్రం ప్రతిపాదించాడు. చర్మంలోని మాంసకృత్తులు చెడడం కూడా ఒక రసాయన చర్యయే గదా అని హెన్రిక్స్ ఆ సూత్రాన్నే తీసుకొన్నాడు. ప్రతి క్షణం ఎంత చెడుతున్నదో లెక్కించి, క్షణాలన్నింటినీ కూడగా వచ్చే మొత్తానికి ఓమెగా అని పేరు. అది 0.53 చేరితే మొదటి తరగతి గాయం. 1 చేరితే రెండవ తరగతి, అనగా బొబ్బలెక్కే గాయం. ఈ సూత్రంలోని గుణకం విలువ 3.1ని 10కి 98వ ఘాతంతో హెచ్చించినంత. కంటికి కనిపించే విశ్వమంతటిలోని పరమాణువుల సంఖ్య 10కి 80వ ఘాతం ప్రాంతంలో ఉంటుందంటారు. ఇంత పెద్ద అంకె ఒక వంటింటి గాయం లెక్కలో ఎదురవడం మాకు నేటికీ వింతగానే ఉంటుంది. దానిని అదుపులో ఉంచేది అంతే పెద్దదైన ఉత్తేజన శక్తి. ఆ రెంటి మధ్య పెనుగులాటలోనే డిగ్రీకి రెట్టింపు అన్న లక్షణం పుడుతుంది.

ఇక కావలసినది చర్మం లోపల, వేర్వేరు లోతులలో, క్షణక్షణానికి ఉష్ణోగ్రత. బయట చూస్తే చర్మం ఒక పొర. ఇంజనీరు కంటికి మూడు పొరల గోడ. పైన బాహ్యచర్మం, సుమారు 0.08 మిల్లీమీటరు. దాని క్రింద అంతశ్చర్మం, 2 మిల్లీమీటర్ల వరకు. అడుగున కొవ్వు. కొలిమి గోడలోని ఇటుకల వరుసలకు వేసే లెక్కకు దీనికి తేడా ఒక్కటే: ఈ గోడలో నెత్తురు పారుతుంది. 1948లో పెన్నెస్ అను వైద్యుడు మనుషుల ముంజేతులలో సన్నని థర్మోకపుల్ తీగలు ఉంచి ఉష్ణోగ్రతలు కొలిచి, నెత్తురు మోసుకుపోయే వేడిని కూడా చేర్చి ఒక సమీకరణం వ్రాశాడు. ఈ రంగంలో అందరూ వాడేది దానినే. అయితే నెత్తురు వేడిని మోసుకుపోయే పని నిమిషాల మీద సాగేది. గంజి పని సెకన్లలో ముగుస్తుంది. ప్రస్తుతానికి నెత్తురును ప్రక్కన పెట్టవచ్చును.

ఇంట్లో తొమ్మిదవ తరగతి పిల్లలుంటే ఈ క్రింది లెక్క వారి చేత చేయించండి. కాగితం, పెన్సిలు చాలును. చర్మాన్ని 0.1 మిల్లీమీటరు మందం గల పలుచని పొరలుగా ఊహించుకోండి. అన్నీ 34 డిగ్రీల వద్ద ఉన్నవి. పైపొరను 90 డిగ్రీల గంజి తాకినది, అక్కడే నిలచినది. సెకనులో 44వ వంతు గడచినప్పుడల్లా ప్రతి పొరకు కొత్త ఉష్ణోగ్రత ఇట్లు వస్తుంది: తన పాత విలువలో సగం, పై పొర విలువలో పావు, క్రింది పొర విలువలో పావు, మూడింటి మొత్తం. మొదటి అడుగులో మొదటి లోపొర 34 నుండి 48కి చేరుతుంది. రెండవ అడుగులో 55. మూడవ అడుగులో 59 దాటుతుంది, ఆ క్రింది పొర 41 అవుతుంది. గడచిన కాలం సెకనులో నూరింట ఏడు వంతులు. కన్ను ఆర్పేలోగా బాహ్యచర్మం అడుగుకు 59 డిగ్రీలు చేరినవన్నమాట. ఇదే పరిమిత భేద పద్ధతి. పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్లు చేసేది కూడా ఇంతకంటె ఓపికగా ఇదే పని.

ఇక్కడ ఒక హెచ్చరిక. మేము తొలిసారి ఫోర్‌ట్రాన్‌లో ఈ ప్రోగ్రాము వ్రాసినప్పుడు తొందరగా ముగించాలని అడుగుకు సెకనులో పదవ వంతు పెట్టాము. పది అడుగులు తిరగకుండానే ఆ చర్మం ఒక పొరలో మరిగి, ప్రక్క పొరలో మంచు కంటె చల్లబడి, కాగితం నిండా వేలకు వేలు అంకెలు వచ్చినవి. ఈ మందానికి అడుగు సెకనులో 45 వేయవ వంతులు మించరాదు. మించితే లెక్క తనంతట తానే చెడుతుంది. పొర మందం సగం చేస్తే అడుగు నాలుగవ వంతుకు తగ్గించవలసి ఉంటుంది. కంప్యూటరు చెప్పినదే వేదమని నమ్మే నేటి యువ ఇంజనీర్లకు ఈ అనుభవం ఒక్కమారైనా కలగడం మంచిది.

ఇప్పుడు పరికిణీ సంగతి. తడిసిన బట్ట గంజిని పిక్కకు అంటించి 5 సెకన్లు పట్టి ఉంచినదనుకొందాము. నీరైతే కొంత జారిపోయేది. గంజి చిక్కన, జారదు. చర్మం లోపల 1 మిల్లీమీటరు లోతున, అంతశ్చర్మం మధ్యలో, ఉష్ణోగ్రత ఎంత? బట్ట తొలగించే నాటికి 53. బట్ట తొలగిపోయినది, వేడి మూలం పోయినది, ఇక తగ్గాలి గదా అనుకొంటాము. తగ్గదు. మరి 3 సెకన్లకు అది 56కు ఎక్కుతుంది. 10 సెకన్ల తరువాత కూడా 52. అర నిమిషం గడచినా 47. పైపొరలలో అప్పటికే నిలువ ఉన్న వేడికి బయట గాలి తప్ప దారి లేక లోపలికే దిగుతుంది. పొయ్యి ఆర్పిన తరువాత కూడా పాలు పొంగడం చూడని గృహిణి ఉండదు. ఇదీ అదే.

అదే క్షణంలో ఆ చోటును 20 డిగ్రీల ప్రవాహ జలం క్రింద పెట్టినట్లయితే? మొదటి సెకను పెద్ద తేడా కనిపించదు, 53 ప్రాంతంలోనే ఉంటుంది. 2 సెకన్లకు 48. 5 సెకన్లకు 38. 10 సెకన్లకు 32, అనగా మామూలు కంటె చల్లన. నీళ్ళు లేనప్పుడు 52, ఉన్నప్పుడు 32. పది సెకన్లలో ఇరవై డిగ్రీలు. డిగ్రీకి రెట్టింపు అన్న సూత్రాన్ని దీనికి తగిలించి చూడండి.

ఈ అంకెలు చర్మమంతా ఒకే గుణం కలదని, నెత్తురు లేదని, గాలి వేడిని తీసుకోదని అనుకొని వేసినవి. అసలు చర్మం ఇంత తిన్నగా ఉండదు. పోకడ మాత్రం ఇదే. పాదం కథ కూడా ఇందులోనే ఉన్నది. దాని మీద పడిన గంజి అర సెకనులో క్రిందకు జారిపోయినది, బట్ట లేనందున నిలువ లేదు.

మరి ఇంకు? ఆ బుడ్డిలో ఉన్నది నాలుగు చెంచాల నీరు. అది తీసుకోగల వేడి ఎంత? పైగా వైద్యునికి గాయం రంగు కనబడకుండా చేస్తుంది. నెయ్యి, నూనె వేడిని ప్రసరింపజేయడంలో నీటితో తూగవు. టూత్‌పేస్టు వ్రాసినప్పుడు చల్లగా ఉన్నట్లు తోచడం పిప్పరమెంటు నరాలను మభ్యపెట్టడమే తప్ప ఒక్క డిగ్రీ కూడా తగ్గదు. దోసె పిండిలో నీరున్న మాట నిజమే. అయితే అది పారదు, పుండులో చేరితే చీము పట్టవచ్చును.

లెక్క ఎంతవరకు చెబుతుందో అంతవరకే చెప్పడం న్యాయం. పై లెక్క ప్రకారం పది, ఇరవై సెకన్ల నీరు చాలును. వైద్యులు మాత్రం 20 నిమిషాలు ప్రవాహ జలం క్రింద ఉంచమంటారు. గాయమైన 3 గంటల లోపల మొదలుపెట్టినా ప్రయోజనం కలదంటారు. ఈ 20 నిమిషాలు మా సమీకరణం నుండి వచ్చినవి కావు, రోగుల నుండి వచ్చినవి. చల్లదనం వలన వాపు, నొప్పి తగ్గడం, దెబ్బ తిని ఇంకా చావని కణాలు కోలుకోవడం మా ఓమెగాకు తెలియవు. ఇక్కడ ఇంజనీరు వైద్యుని మాట వినడమే మంచిది. మంచుగడ్డలు పెట్టరాదు, నెత్తురు నాళాలు ముడుచుకొని గాయం లోతవుతుంది. ఒళ్ళు చాలా భాగం కాలిన వారిని, ముఖ్యంగా పసివారిని, ఎక్కువసేపు తడుపుతూ ఉంటే దేహం మొత్తం చల్లబడే ప్రమాదం కలదు. అట్టి సందర్భంలో ఆసుపత్రికి చేర్చడమే ముఖ్యం. వాచక ముందే గాజులు, ఉంగరాలు తీయవలెను. బట్ట చర్మానికి అతుక్కొని ఉంటే మాత్రం పీకరాదు.

అగ్రికో అన్న పేరు వ్యవసాయ పనిముట్లను తయారుచేసిన సంస్థ నుండి వచ్చినది. పారలు, పలుగులు, గునపాలు. మా చిన్నతనంలో ఎండలో పడి ఉన్న పారను తీసినప్పుడల్లా మాకొక సందేహం. ఇనుము చేయి కాల్చేది, దాని కామ కాల్చేది కాదు, రెండూ అదే ఎండలో ఉన్నవే. ఎంత వేడిగా ఉన్నదన్నది ఒక్కటే కాదు, ఎంత త్వరగా ఇవ్వగలదన్నది కూడా లెక్కే. ఉష్ణ వాహకత, సాంద్రత, విశిష్టోష్ణం మూడింటి లబ్ధానికి వర్గమూలం తీస్తే వచ్చే సంఖ్య ఉక్కుకు చర్మం కంటె పదిరెట్లు పైన, కర్రకు చర్మంలో మూడవ వంతు. రెండూ 60 డిగ్రీలకు కాగి ఉన్నవనుకొంటే, ఉక్కును పట్టిన క్షణాన చేతి చర్మం చూసేది 58 డిగ్రీలు. కర్రను పట్టినప్పుడు 40. గాయపు గీత 44 గదా. ఒకటి గీతకు అటు, మరొకటి ఇటు. మన అమ్మమ్మల అట్లకాడకు కర్రపిడి ఎందుకుండేదో వేరుగా చెప్పనక్కరలేదు.

మన కర్మాగారంలో అయితే తాకకుండానే కాలే అవకాశం కలదు. మంట నుండి, కరిగిన లోహం నుండి వచ్చే వికిరణాన్ని చదరపు మీటరుకు కిలోవాట్లలో కొలుస్తారు. నడినెత్తి ఎండ సుమారు 1 కిలోవాటు. అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో ఆలిస్ స్టోల్ అనే శాస్త్రవేత్త కొలిచి గీసిన రేఖ ప్రకారం 16 కిలోవాట్ల వద్ద బొబ్బలు ఎక్కడానికి సుమారు 5 సెకన్లు, 50 కిలోవాట్ల వద్ద ఒక్క సెకను. కొలిమి ముందు ఇచ్చే వెండి రంగు కోటును, నూలు యూనిఫారాన్ని ఈ రేఖతోనే పరీక్షిస్తారు. బట్ట వెనుక ఉష్ణమాపకం ఉంచి, రేఖను దాటడానికి ఎన్ని సెకన్లు పట్టినదో చూస్తారు. ఆ కోటు చేసే పనల్లా సెకన్లు సంపాదించి పెట్టడమే. సంపాదించిన సెకన్లలో మనిషి అక్కడ నుండి కదలవలెను. లోపల నైలాను బనియను వేసుకొని పైన ఆ కోటు తొడిగే మిత్రులను మేము చూశాము. నైలాను కరిగితే అంటుకొంటుంది. అది మరొక గంజి.

1989 నాటి ఆ పందిరిలో తేడా కొద్ది క్షణాలేనన్న మా తండ్రిగారి వాక్యం మాకు ఈ రేఖ చూసినప్పుడే అర్థమైనది.

మా అక్కయ్య నేటికీ జంషెడ్‌పూర్‌లోనే ఉన్నది. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు పై అంకెలన్నీ ఒక కాగితం మీద వేసి చూపించాము. అక్కయ్య కళ్ళజోడు సవరించుకొని 53, 56, 52 అన్న వరుసను రెండుమార్లు చదివినది. "అయితే ఇంకు బుడ్డి వెదకడానికి పట్టిన సేపే నా మచ్చ అన్నమాట" అన్నది. తరువాత కాగితం మడిచి తిరిగి ఇస్తూ, "మాసీమా ఆరోజు కుళాయి దగ్గరకు లాక్కుపోతూ ముందు పరికిణీ ఎత్తవే అని అరిచిందిరా. ఆవిడ ఏమి లెక్క వేసిందని?" అన్నది.